గుర్రపువాతం: నెల తప్పకముందే తెరవాల్సిన పాత కార్డు

కావలిలో కాపురం ఉంటున్న మా అన్నయ్య కూతురు మొన్న తన పాత తల్లీబిడ్డల కార్డు తెచ్చి నా ముందు పెట్టింది. మూడేళ్ల కిందటి తొలి కాన్పుది. ఐదో నెల గడిలో బీపీ 110/70. ఆరో నెలలో 128/84. ఏడో నెల గడి ఖాళీ. ఆ నెలలోనే సీమంతం చేసి పుట్టింటికి, కందుకూరుకు తీసుకొచ్చారు. కావలి నర్సమ్మ లెక్కలోంచి పోయింది, కందుకూరు నర్సమ్మ లెక్కలోకి ఇంకా రాలేదు. తర్వాతి గడిలో ఎర్ర సిరాతో 170/110, పక్కనే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూడు ప్లస్సులు. వేళ్లకు నీరు దిగి ఉంగరం రాకపోతే దారం చుట్టి తీశారు. ముప్పై మూడో వారంలోనే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు. ఇప్పుడు రెండో బిడ్డను కనాలనుకుంటోంది. "మళ్లీ వస్తుందా బాబాయ్?" అని అడిగింది.

ఆ ఖాళీ గడి నన్ను వదల్లేదు. గర్భిణికి బీపీ పెరిగి మూర్ఛల దాకా తెచ్చే ఈ జబ్బు చరిత్ర తిరగేస్తే, దాన్ని పసిగట్టే సమయాన్ని వైద్యులు కాన్పు గది నుంచి నెలనెలా వెనక్కి జరుపుకుంటూ వచ్చిన తీరు కనిపిస్తుంది. మన ఇళ్లలో అలవాట్లు మాత్రం అంత వెనక్కి జరగలేదు.

మన పెద్దలు దీన్ని గుర్రపువాతం అన్నారు. నిండు నెలల మనిషి ఉన్నట్టుండి కొయ్యబారి, పళ్లు బిగిసి కొట్టుకుంటుంటే మంత్రసాని చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టేవారు. ఇంగ్లీషు వైద్యంలో దీనికున్న ఎక్లాంప్సియా అన్న పేరు కూడా మెరుపు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి పుట్టిందే. ఇక్కడైనా అక్కడైనా అందరికీ కనిపించింది ఆ చివరి ఘడియే.

1843లో లండన్‌లోని గైస్ ఆస్పత్రి వైద్యుడు జాన్ లీవర్ మూర్ఛ వచ్చిన గర్భిణుల మూత్రంలో ఆల్బుమిన్ పోతోందని గమనించాడు. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచ్చి చేతికి పట్టీ చుట్టి బీపీ కొలిచే పరికరం తెచ్చాడు. ఈ రెండు పరీక్షలూ చేతికి వచ్చాకే మూర్ఛకు ముందు ఒక దశ ఉందని, దాన్ని పట్టుకోవచ్చని తేలింది. ప్రీఎక్లాంప్సియా అంటే ఆ ముందు దశే. ఈనాటికీ ఏ సబ్‌సెంటర్‌లోనైనా దాన్ని పట్టించేవి ఆ రెండే.

మూర్ఛను ఆపే మందు కోసం వెతుకులాట ఇంకా చాలాకాలం సాగింది. అందులో మన పొరుగుకూ చోటుంది. నెల్లూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోదే. పెద్దాస్పత్రి అంటే అప్పుడు మద్రాసు. అక్కడి వైద్యుడు కృష్ణ మీనన్ లార్గాక్టిల్, ఫెనర్గాన్, పెథిడిన్ కలిపి ఇచ్చే పద్ధతిని 1961లో ప్రకటించారు. ఎన్నో ఏళ్లు మన దేశంలో అదే దిక్కు. 1995లో మన దేశంతో పాటు మరికొన్ని దేశాల్లో 1,687 మంది మీద జరిగిన పరీక్షలో మెగ్నీషియం సల్ఫేటు మిగతా మందులకంటే చాలా మేలని తేలింది. ఇప్పుడు పెద్దాస్పత్రికి పంపేముందే తొలి మోతాదు ఇంజెక్షన్ ఇవ్వాలన్నది నియమం. ఉదయగిరి నుంచి నెల్లూరుకో, దోర్నాల నుంచి ఒంగోలుకో 108లో వెళ్లే మనిషికి ఆ ఇంజెక్షన్ ప్రాణంతో సమానం.

అసలు మలుపు వేరే చోట వచ్చింది. బీపీ ఏడెనిమిది నెలల్లో బయటపడినా, బీజం పడేది మొదటి నాలుగైదు నెలల్లోనే. మాయ నాటుకునేటప్పుడు తల్లి గర్భసంచిలోని సన్నని రక్తనాళాలు వెడల్పు కావాలి. అవి సరిగా వెడల్పు కాకపోతే మాయకు రక్తం చాలదు. అలాంటి మాయ నుంచి తల్లి రక్తంలోకి చేరే ఒక ప్రోటీన్ ఆమె రక్తనాళాలను దెబ్బతీస్తుందని 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం చూపింది. అంటే ఉంగరం బిగుసుకునే నాటికి జబ్బుకు నెలల వయసు.

ఈ జబ్బు రాకుండా ఆస్పిరిన్ ఆపగలదా అన్నది తేలడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1979లో దాని మీద తొలి ఆశ మొలిచింది. 1994లో తొమ్మిది వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద పరీక్ష నిరాశపరిచింది. 2017లో ముప్పు ఎక్కువగా ఉన్నవారిని మాత్రమే ఎంచి, 11–14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం దాకా రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇచ్చారు. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి దిగింది. ఎవరికి ఇస్తున్నాం, ఎప్పుడు మొదలుపెడుతున్నాం అన్నదే కీలకం. పదహారో వారం దాటాక మొదలుపెడితే ఫలితం అంతగా ఉండదు.

మన దగ్గర చిక్కు ఇక్కడే. మూడో నెల వెళ్లేదాకా కడుపుతో ఉన్న సంగతి బయటికి చెప్పరు. 2016 నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వాస్పత్రుల్లో జరిగే సురక్షిత మాతృత్వ పరీక్షలు కూడా నాలుగో నెల నుంచి ఉన్న గర్భిణులను ఉద్దేశించినవే. ఎవరో ఒకరు పాత కార్డు తెరిచేసరికి పన్నెండో వారం వెళ్లిపోతుంది. తొలిచూలులో ఏమైందని అడిగితే "బీపీ వచ్చింది, ఆపరేషన్ చేశారు" అని అంతే చెబుతారు. ఏ వారంలో అన్నదే డాక్టరుకు కావాల్సిన ముక్క. ఒకసారి ప్రీఎక్లాంప్సియా వచ్చినవారిలో సుమారు ఆరుగురిలో ఒకరికి మళ్లీ వస్తుంది. 28, 34 వారాల మధ్య కాన్పు చేయాల్సి వచ్చినవారికైతే ముగ్గురిలో ఒకరికి. మా అమ్మాయి ఈ రెండో లెక్కలోది. అబద్ధం చెప్పలేదు, అలాగే చెప్పాను. ముగ్గురిలో ఇద్దరికి రాదని కూడా చెప్పాను.

ముందునుంచే బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, లూపస్ (ఒంటి రక్షణ శక్తి ఒంటినే దెబ్బతీసే జబ్బు) ఉన్నవారూ ఎక్కువ ముప్పున్నవారే. తొలిచూలు, నలభై దాటిన వయసు, కవలలు, బాగా ఎక్కువ బరువు, కాన్పుల మధ్య పదేళ్లకు మించిన ఎడం, తల్లికో అక్కచెల్లెళ్లకో ఇది వచ్చి ఉండటం కూడా లెక్కలోకి వస్తాయి.

తినే తిండి సంగతీ చెప్పాలి. కాళ్లు నీరు పడితే ఉప్పు మానిపించడం మన ఇళ్లలో పాత అలవాటు. దానివల్ల ఈ జబ్బు ఆగదని పరీక్షల్లో తేలింది. ఆగడానికి తోడ్పడేది కాల్షియం. అన్నమే ప్రధానంగా తిని, పాలు పెరుగు అంతంతమాత్రంగా ఉండే ఇళ్లలో అది చాలదు. మూడు నెలలు దాటాక రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇవ్వాలని 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. రోజుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చినా 1,500తో సమానంగా పనిచేస్తుందని బెంగళూరులోనూ టాంజానియాలోనూ జరిపిన పెద్ద పరీక్షల ఫలితాలు 2024లో వచ్చాయి. పడమటి ప్రకాశంలో ఇప్పటికీ తాగే రాగి జావ మంచిదే, కానీ అది మాత్రకు బదులు కాదు.

మా అమ్మాయికి కాన్పు తర్వాత కూడా బీపీ పూర్తిగా దిగలేదు. రెండేళ్లుగా టెల్మిసార్టాన్ వేసుకుంటోంది. ఆ జాతి మందులు కడుపులోని బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. నెల తప్పాక చూద్దాంలే అనుకునే మందు కాదది. డాక్టరు దాన్ని ఆపి లాబెటలాల్‌కు మార్చారు. బీపీ కుదుటపడేదాకా ఆగమన్నారు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, షుగరు పరీక్షలు రాశారు. ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టమన్నారు. ఆస్పిరిన్ సంగతి విని వాళ్ల అత్తగారు "అది గుండెజబ్బు వాళ్ల మాత్ర కదా, రక్తం పలచబడదా?" అని కంగారుపడ్డారు. కంగారులో తప్పు లేదు. అందుకే దాన్ని సొంతంగా వేసుకోకూడదు. అల్సరు, ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. ఆవిడ కూడా ఈసారి డాక్టరు దగ్గరికి వెంట వెళ్తానన్నారు.

వెళ్లేముందు అమ్మాయి ఆ పాత కార్డు అట్ట మీద కావలి నర్సమ్మ ఫోను నంబరు, దాని కింద కందుకూరు నర్సమ్మ నంబరు రాసుకుంది.