ఏం చేస్తున్నారో తెలియకుండా పనిచేసిన ఊరు

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగారు కదా, "లక్షమందికి పైగా కలిసి చేసిన పని బయటికి పొక్కకుండా ఎలా ఉంటుంది తాతయ్యా? ఒక్కరైనా నోరు జారరా?" అని. ఫోన్లో తేలే ప్రశ్న కాదది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా అణుబాంబు తయారుచేసిన పథకం పేరు మన్‌హాటన్ ప్రాజెక్ట్. దానికోసం టెనెస్సీ రాష్ట్రంలో రైతుల్ని ఖాళీ చేయించి ఓక్ రిడ్జ్ అనే ఊరు కట్టారు. 1945 నాటికి అక్కడ సుమారు 75 వేలమంది. అయినా ఆ ఊరు మ్యాపులో ఉండేది కాదు. చుట్టూ కంచె, గేటు దగ్గర కాపలా.

అక్కడి వై-12 కర్మాగారంలో, అప్పుడే హైస్కూలు ముగించిన అమ్మాయిలు ఎత్తైన ప్యానెళ్ల ముందు స్టూళ్ల మీద కూర్చునేవారు. మీటరు ముల్లు పక్కకు జరిగితే నాబ్ తిప్పి సరిచేయాలి. షిఫ్టు మొత్తం అదే పని. నిజానికి వాళ్లు మామూలు యురేనియం నుంచి బాంబుకి కావలసిన రకాన్ని వేరుచేస్తున్నారు. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లు అడగకూడదు కూడా.

వాళ్లు రహస్యాన్ని దాచారనుకుంటాం గానీ, అసలు వాళ్ల దగ్గర రహస్యమే లేదర్రా! ఎవరి పనికి ఎంత అవసరమో అంతే తెలియాలన్నది పథకం నడిపిన జనరల్ గ్రోవ్స్ నియమం. ట్రూమన్ ఉపాధ్యక్షుడిగా ఉన్నా ఆయనకూ పూర్తిగా చెప్పలేదు. 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ చనిపోయి, తాను అధ్యక్షుడయ్యాకే వివరాలు తెలిశాయి.

కానీ ఈ పద్ధతి ప్రాణాల మీదికి తెచ్చేదే. బాంబును రూపొందిస్తున్న లాస్ అలమోస్ ప్రయోగశాల నుంచి ఎమీలియో సెగ్రే అనే శాస్త్రవేత్త ఓక్ రిడ్జ్ వెళ్లి చూస్తే, యురేనియం కలిసిన నీళ్లను మామూలు సరుకులా నిల్వచేస్తున్నారు. నీటిలో ఉన్నప్పుడు, యురేనియం పరమాణువుల్ని చీల్చే న్యూట్రాన్లనే కణాల వేగం తగ్గి, చాలా తక్కువ పదార్థంతోనే గొలుసు చర్య, అంటే ఒక పరమాణువు చీలి మరికొన్నింటిని చీల్చుకుంటూ పోవడం, మొదలైపోవచ్చు. అది బాంబులా పేలకపోయినా దగ్గరున్నవాళ్లను రేడియేషన్ చంపేస్తుంది. పాపం, ఆ పనివాళ్లకు అదేం తెలుసు? తర్వాత లాస్ అలమోస్ నుంచి కుర్ర శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్‌ను పంపారు. అక్కడివాళ్లకు విషయం చెప్పనివ్వకపోతే భద్రతకు మా పూచీ లేదని అతను అధికారులకు తెగేసి చెప్పాడు. చివరికి అనుమతి దొరికింది. కారణం తెలిశాక అక్కడి ఇంజినీర్లే అన్నీ కొత్తగా డిజైన్ చేసుకున్నారు. ఈ ఒక్క సంగతి మీకు గుర్తుండాలని నా కోరిక.

ఇంత చేసినా గుట్టు సోవియట్ యూనియన్‌కు చేరింది. చేరవేసినవాళ్లలో ముఖ్యుడు క్లాస్ ఫుక్స్, లాస్ అలమోస్‌లో లోతుగా తెలిసిన శాస్త్రవేత్త. 1950లో ఒప్పుకున్నాడు.

నన్ను బాధపెట్టేది మాత్రం ఆ అమ్మాయిల సంగతే. ఈ పని చేయాలా వద్దా అని ఆలోచించుకునే అవకాశమే వాళ్లకు లేకపోయింది. 1945 ఆగస్టు 6న హిరోషిమా వార్త విన్నాకే తాము చేసిందేమిటో తెలిసింది. యుద్ధం ముగుస్తుందని, అన్నదమ్ములు ఇంటికొస్తారని సంబరపడినవాళ్లున్నారు. అక్కడ పోయిన ప్రాణాలను తలచుకుని కుమిలిపోయినవాళ్లూ ఉన్నారు.

ఎడ్ వెస్ట్‌కాట్ తీసిన ఫొటో ఒకటి ఉంది, సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తాను. ప్యానెళ్ల ముందు వరసగా కూర్చున్న ఆ అమ్మాయిల్లో చాలామంది మన పెద్దమ్మాయి ఈడువాళ్లే.

మీ తాతయ్య