హోసూరు ఎయిర్‌పోర్టుకి అడ్డం 2004 నాటి సంతకం

బెంగళూరు దక్షిణాన ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర వైపు ఉండే మనవాళ్లకి, పక్కనే తమిళనాడులో ఉన్న హోసూరులో ఎయిర్‌పోర్టు మాట వినపడితే చాలు, ప్రాణం లేచొస్తుంది. ఇప్పటి బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లి పోవాలంటే బెంగళూరు మొత్తం దాటాలి, హైదరాబాద్ ఫ్లైట్‌లో కూర్చునే టైం కన్నా ట్రాఫిక్‌లో కూర్చునేదే ఎక్కువ. మరి కట్టరేం అంటే "తమిళనాడు, కర్ణాటక రెండు రాష్ట్రాల గొడవండీ" అని తేల్చేస్తారు. గొడవ ఉంది, కాదనను, కానీ అసలు ముడి అక్కడ లేదు.

2004 జులైలో కేంద్రం బెంగళూరు ఎయిర్‌పోర్టు కట్టే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం ఆ ఎయిర్‌పోర్టు తెరిచిన రోజు నుంచి 25 ఏళ్ల వరకు 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టుకి అనుమతి ఇవ్వకూడదు. దేశీయ విమానాలకైతే మైసూరు, హాసన్‌లకి మినహాయింపు. తెరిచింది 2008 మే 24న, కాబట్టి 2033 దాకా అంతే. డబ్బు పెట్టేవాడు పోటీ వద్దని అడగడం సహజమే. ఇచ్చినవాళ్లు ఊరు దక్షిణానికి ఎంత పెరుగుతుందో ఎందుకు లెక్కేయలేదో మరి, ఎలక్ట్రానిక్ సిటీ అప్పటికే ఉంది కదా!

హోసూరు దగ్గర బేలగొండపల్లిలో ప్రైవేటు రన్‌వే ఎప్పటినుంచో ఉంది. చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్రం ఉడాన్ పథకంలో అక్కణ్ణించి విమానాలు నడపాలనుకుంటే ఈ షరతు దగ్గరే ఆగింది.

2024 జూన్ 27న తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ అసెంబ్లీలో 2,000 ఎకరాల్లో, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణికుల కోసం హోసూరులో ఎయిర్‌పోర్టు కడతామన్నారు. దాంతో కర్ణాటక కూడా రెండో ఎయిర్‌పోర్టు మీద జోరు పెంచింది, కనకపుర రోడ్డులో రెండు చోట్లు, కుణిగల్ రోడ్డులో ఒక చోటు చూపించింది. తమాషా ఏమిటంటే దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో కర్ణాటక ప్రభుత్వానిదీ వాటా ఉంది, అంటే పోటీ తనతో తనకే.

షరతు బ్రహ్మరాత కాదు లెండి. శంషాబాద్‌కీ ఇలాంటిదే ఉంది, అయినా అక్కడి నిర్వాహకులు సరేనన్నాకే 2025లో వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టుకి దారి దొరికింది. కానీ మామునూరు చిన్నది. 2024లో 4 కోట్ల మందిని మోసిన దేవనహళ్లి, పక్కనే 3 కోట్ల పోటీకి ఊరికే ఒప్పుకుంటుందా?

అందుకే ఇప్పుడు అందరి లెక్కా 2033 మీదే. భూమి సేకరించి, అనుమతులు తెచ్చుకుని, కట్టేసరికి ఎలాగూ అన్నేళ్లు పడుతుంది. ఈలోగా యుద్ధ విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ విమానాలు తిరిగే ఆకాశంలో చోటివ్వడానికి రక్షణ శాఖ కూడా సరేననాలి.