సైఫాబాద్ టంకశాల: రూపాయి పుట్టిన చోటు మ్యూజియం అయ్యేదాకా

నిజాంల నాటి కట్టడాలను కూల్చాలా, ఉంచాలా అన్న గొడవ హైదరాబాద్‌కు కొత్త కాదు. నిజాం కాలపు ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను పడగొట్టి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. కూల్చకుండా మరో పనికి వాడుకోవచ్చని చూపించాలంటే సైఫాబాద్‌లో నాణేలు తయారుచేసిన టంకశాల, అంటే మింట్ కాంపౌండ్ చరిత్రే చెప్పాలి.

ఈ టంకశాల 1803లో, సికందర్ జా కాలంలో, పాతబస్తీ సుల్తాన్‌షాహీలో మొదలైంది. అప్పట్లో నాణెం అంటే చేతిపనే. వెండి బిళ్లను అచ్చు మీద పెట్టి సుత్తితో కొట్టేవారు. దెబ్బ పక్కకు జరిగితే అక్షరాలు సగమే పడేవి. అంచులు సమంగా ఉండవు కాబట్టి ఎవరైనా కాస్త వెండి గీకేసుకున్నా పట్టుకోవడం కష్టం.

1903లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, టంకశాల సైఫాబాద్‌కు మారింది. లోహాన్ని కరిగించి కడ్డీలు పోయడం, రోలర్ల మధ్య నలిపి రేకులు తీయడం, ఆ రేకుల్లోంచి బిళ్లలు కొట్టడం, ప్రెస్సులో అచ్చు వేయడం, అంతా యంత్రాల పని. అలా వచ్చిన వెండి రూపాయి మీద చార్మినార్ నిలబడింది. దాని గుమ్మంలోకి చూస్తే ఒక చిన్న అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ పేరుకు ఉర్దూ అక్షరం ‘మీమ్’, ఏడో నిజాం ఉస్మాన్ గద్దెనెక్కాక ‘ఐన్’. అంగుళం పైచిలుకు బిళ్ల మీద ఇంత పనితనం! మన ఊరు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

1950లో టంకశాల కేంద్రం చేతికి వెళ్లింది. నిజాం రూపాయి అయిన హాలీ సిక్కా మాత్రం 1959 దాకా చెల్లింది. 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయల లెక్క. 1997లో నాణేల తయారీ చర్లపల్లికి తరలిపోవడంతో సైఫాబాద్ భవనానికి పని లేకుండా పోయింది.

దానికేమవుతుందోనన్న టెన్షన్ ఊరికే రాలేదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో వెలిసిన కరెంటు ప్లాంటు అప్పటికే నేలమట్టమైంది. ఆ స్థలంలో ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉంది.

టంకశాలకు ఆ గతి పట్టలేదు. 2022 జూన్‌లో అక్కడ మ్యూజియం తెరిచారు. పాతికేళ్ల ఆలస్యం చిన్నదేం కాదు, కానీ నాణేలను, పాత పనిముట్లను అవి పుట్టిన, పనిచేసిన చోటే చూడగలగడం మాటలు కాదు. పిల్లల్ని బిర్లా మందిర్‌కు, ప్లానెటేరియంకు తీసుకొచ్చే స్కూలు బస్సులు ఇక్కడ కూడా ఆగాలి. పెద్ద దూరమేమీ లేదు.