టర్కీ డీప్ ఫ్రై: భయపడాల్సింది నూనెకి కాదు, నీళ్లకి

నవంబరు నాలుగో గురువారం, అంటే అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ, దగ్గర పడుతోందంటే మా కేటరింగ్ ఫోన్‌కి బిర్యానీ ఆర్డర్లతో పాటు టర్కీ కోడి సందేహాలూ మొదలవుతాయి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో థాంక్స్‌గివింగ్‌కి టర్కీని ఓవెన్‌లో పెట్టకుండా పెరట్లో నూనెలో వేయించేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. రుచి సంగతి నేను కాదనను. కానీ ఫోన్‌లో కొందరు చెప్పే పద్ధతులు వింటే నాకే టెన్షన్ పుడుతుంది.

అపోహ: గారెలు, పకోడీలు వేసిన చేతులు మనవి, ఇదెంత?

గారెల వాయి పడితే నూనె కాసేపు నురగ కక్కి సద్దుకుంటుంది. ఇక్కడ 12 పౌన్ల కోడి, అంటే దాదాపు ఐదున్నర కిలోలు, ఒక్కసారిగా మూడు నాలుగు గ్యాలన్ల కాగే నూనెలోకి దిగుతుంది. కిందేమో ప్రొపేన్ గ్యాస్ మంట. నూనె పొంగి అంచు దాటిందంటే పడేది ఆ మంట మీదే. అందుకని టర్కీని దింపే ముందు బర్నర్ ఆపేయాలి, పూర్తిగా మునిగి నూనె నెమ్మదించాకే మళ్లీ వెలిగించాలి. ‘ఆపితే నూనె చల్లారిపోదా?’ అంటారు. కొంచెం చల్లారుతుంది, మళ్లీ కాగుతుంది. దానికేం నష్టం లేదు.

అపోహ: పైన నొక్కితే మెత్తగా ఉంది, ఐస్ కరిగినట్టే.

నన్నడిగితే ప్రమాదాల్లో పెద్దది ఇదే. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. పొట్టలో చిన్న ఐస్ ముక్క మిగిలినా నూనె అడుగున ఆవిరై, పైనున్న నూనెనంతా బయటికి తోసేస్తుంది. చెయ్యి లోపలిదాకా పెట్టి చూడండి. మెడ ముక్క, కార్జం ఉన్న ప్యాకెట్ చాలాసార్లు అక్కడే గడ్డకట్టి ఉంటుంది. ఫ్రిజ్‌లో ప్రతి నాలుగైదు పౌన్లకి ఒక రోజు పడుతుంది. 12 పౌన్ల టర్కీని ఆదివారం రాత్రి ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మారిస్తే గురువారానికి హాయి. మరిచిపోతే, కవర్ లీక్ లేకుండా చూసుకుని చల్లటి నీళ్లలో ముంచండి. పౌనుకి అరగంట లెక్కన ఆరు గంటలు, ప్రతి అరగంటకీ నీళ్లు మార్చాలి.

ఇక కడగడం. మాంసం కడగకుండా వండమంటే మనవాళ్లకి మింగుడు పడదు, మా ఇంట్లోనే పడదు. అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం కడగొద్దనే చెబుతుంది, ఆ నీళ్లు చిమ్మి సింకు చుట్టూ క్రిములు పడతాయని. వేపుడుకైతే అది అదనపు తడి కూడా. పేపర్ టవల్స్‌తో లోపలా బయటా ఒత్తి తుడవండి. నేనైతే ముందు రాత్రి ఫ్రిజ్‌లో అడుగు షెల్ఫులో, ట్రేలో మూత పెట్టకుండా వదిలేస్తాను. చర్మం ఆరి, కరకరలాడుతూ వేగుతుంది.

అపోహ: మునగాలి కాబట్టి కుండ నిండా నూనె పోయాలి.

ముందు కవర్‌తోనే టర్కీని ఖాళీ కుండలో పెట్టి, మునిగేదాకా నీళ్లు పోయండి. టర్కీ తీసేశాక నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. నూనె అంతే. మునిగినప్పుడు పైన కనీసం నాలుగు అంగుళాలు ఖాళీ మిగలకపోతే కుండ చిన్నదని అర్థం. తర్వాత కుండ చుక్క తడి లేకుండా ఆరాలి.

అపోహ: మన మసాలా దట్టంగా పట్టిస్తే అదిరిపోతుంది.

పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం కలిపి పూస్తే ఆ ముద్దంతా తడే. పైగా 350 డిగ్రీల ఫారెన్‌హీట్ (177 సెల్సియస్) నూనెలో ముప్పావు గంట ఉంటే కారం మాడి నూనె చేదెక్కుతుంది. ఈ వంటకం పుట్టింటివాళ్లు, దక్షిణ లూసియానాలోని కేజన్ జనం, మసాలాని సిరంజితో కండలోకి ఎక్కిస్తారు. మనమూ అదే చేద్దాం: పచ్చిమిర్చి, వెల్లుల్లి, నిమ్మరసం, మిరియాలు కలిపి నూరిన రసాన్ని గుడ్డలో వడగట్టాలి, లేకపోతే సూది మూసుకుపోతుంది. లేబుల్ చదవండి. చాలా టర్కీల్లో ఉప్పునీళ్లు ముందే ఎక్కించి ఉంటాయి, అప్పుడు ఉప్పు తగ్గించాలి. పొట్టలో బిర్యానీ కూరి వేయించొచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వద్దు బాబూ, పక్కన వండుకోండి.

అపోహ: నూనె తాగేస్తుంది.

నూనె సరిగ్గా కాగి ఉంటే లోపలి ఆవిరి బయటికి తన్నుతూ నూనెని రానివ్వదు. వేడి బాగా తగ్గితేనే తాగుతుంది.

అపోహ: ఎర్రగా వేగిందంటే ఉడికినట్టే.

చర్మం ముందే ఎర్రబడుతుంది, లోపల తొడ పచ్చిగానే ఉండొచ్చు. పౌనుకి మూడు నుంచి నాలుగు నిమిషాలనేది అంచనా మాత్రమే. బర్నర్ ఆపి, పైకి తీసి, ఎముకకి తగలకుండా రొమ్ములో, తొడలో థర్మామీటర్ గుచ్చితే రెండుచోట్లా 165 డిగ్రీల ఫారెన్‌హీట్ (74 సెల్సియస్) చూపించాలి. అది వచ్చాక ఎముక దగ్గర గులాబీ రంగున్నా తినొచ్చు. కోసే ముందు 20 నిమిషాలు ఆగండి.

అపోహ: వాన పడితే గ్యారేజీలో పెట్టుకోవచ్చు, తలుపు తీసే ఉంటుందిగా.

గ్యారేజీ వద్దు, చెక్క డెక్ వద్దు, పాటియో కప్పు కింద వద్దు. ఇంటికి కనీసం పదడుగుల దూరం, చదునైన నేల. వాన చినుకులుంటే ఆ రోజు ఓవెనే. అమెరికాలో వంటింటి అగ్నిప్రమాదాలు ఏడాదిలో ఎక్కువగా జరిగే రోజు థాంక్స్‌గివింగే. అగ్ని భద్రత సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ అయితే ఇంట్లోవాళ్లని ఈ నూనె ఫ్రయ్యర్లే వాడొద్దంటోంది. నేను అంత దూరం వెళ్లను కానీ, కోడి కంటే ముందు మంటలార్పే సిలిండర్ కొనని వాళ్లకి నేనూ అదే మాట చెబుతాను. నూనె పొగ లేస్తే గ్యాస్ ఆపండి. అంటుకుంటే నీళ్లు పోయొద్దు, దూరంగా జరిగి 911కి ఫోన్ చేయండి.

మిగిలిన నూనెని సింకులో పోయకండి. రాత్రంతా చల్లారనిచ్చి, వడగట్టి, ఫ్రిజ్‌లో దాచి ఇంకోసారి వాడుకోవచ్చు. అన్నట్టు, చాలామంది వాడేది పల్లీ నూనె. భోజనానికి వచ్చే పిల్లల్లో ఎవరికైనా పల్లీ ఎలర్జీ ఉందేమో నూనె కొనక ముందే కనుక్కోండి.