చెట్ల వీధిలో అద్దె ఇల్లు: బెజవాడలో రోజూ వినబడే అపోహలు, అసలు వాస్తవాలు

అద్దె ఇంటి కోసం ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది ముందు ఏరియా పేరే చెబుతారు. మొగల్రాజపురం, లబ్బీపేట, సిద్ధార్థ నగర్, గురునానక్ కాలనీ. చెట్లున్న వీధి కావాలి, బండ్ల గోల ఉండకూడదు, పిల్లల కాలేజీ దగ్గర పడాలి. ఈ పేటల్లో ఇళ్ళు అద్దెకు చూపించడమే నా వృత్తి కాబట్టి ఆ కోరిక నాకు బాగా తెలుసు, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఏరియా పేరు చూసి, ఇంటిని సరిగా చూడకుండా అడ్వాన్సు ఇచ్చేవాళ్ళే తర్వాత ఇబ్బంది పడుతున్నారు. ఒకే వీధిలో పక్కపక్కనున్న రెండిళ్ళకు నీళ్ళు వేరు, కరెంటు బిల్లు వేరు, కాగితాలు వేరు. అందుకే నా చెవిన ఎక్కువగా పడే నమ్మకాలు కొన్ని తీసుకుని, వాటిలో నిజమెంతో రాస్తున్నాను. ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్ళకు కూడా ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి.

అపోహ: చెట్లున్న వీధి అయితే వేసవిలో ఇల్లు చల్లగానే ఉంటుంది.

చెట్టు ఎటువైపు ఉందో చూడాలి. పడమటి గోడ మీద నీడ పడే ఇల్లయితే సాయంత్రానికి తేలికపడుతుంది. చెట్టు తూర్పున ఉండి పడమర ఖాళీగా ఉంటే, వీధంతా పచ్చగా కనబడినా పడగ్గది రాత్రి పదింటి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. పై అంతస్తు అయితే నీడ స్లాబు దాకా రాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట బెజవాడలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు కదా. అందుకే ఇల్లు చూడటానికి మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య రమ్మంటాను. పొద్దున్నే చూస్తే ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది. పడమటి గోడకు లోపలి నుంచి అరచేయి ఆనించండి, మే నెలలో ఆ గదిలో పడుకోగలరో లేదో అక్కడే తెలిసిపోతుంది.

చెట్టున్న ఇంటికి పని కూడా ఎక్కువే. మా వైపు ఆవరణల్లో బాదం చెట్లు చాలా కనబడతాయి. బాదం ఆకు వెడల్పుగా, దళసరిగా ఉంటుంది. డాబా మీద వాననీళ్ళు దిగే గొట్టం మూతికి నాలుగు ఆకులు అడ్డం పడితే చాలు, నీళ్ళు అక్కడే నిలిచి మెల్లగా స్లాబులోకి దిగుతాయి. అందుకని ఏ ఇంటికి వెళ్ళినా నేను ముందు మేడెక్కుతాను. గొట్టం మూతి చుట్టూ నల్లటి మరక చెదిరి ఉందంటే అక్కడ నీళ్ళు రోజుల తరబడి నిలుస్తున్నాయన్నమాట. తర్వాత కిందకు దిగి, సరిగ్గా ఆ చోటుకి కింద ఉన్న గదిలో కప్‌బోర్డు తలుపు తీసి వాసన చూస్తాను. సీలింగ్ మీద చెమ్మ మరకను కొత్త రంగుతో కప్పేయొచ్చు. మూసి ఉన్న కప్‌బోర్డులో ముక్కిపోయిన వాసన మాత్రం పోదు. వాసన వస్తే, రంగు వేయించామన్న మాటతో సరిపెట్టుకోకుండా, స్లాబు మీద ఏం చేయించారో అడగండి. వానాకాలం ముందు డాబా ఊడ్పించే పని ఎవరిదో కూడా అడ్వాన్సు ఇచ్చేలోపే తేల్చుకోండి.

ఆకులు రాలుతున్నాయని చెట్టు కొట్టించేయమని యజమానిని అడిగేవాళ్ళున్నారు. దయచేసి అడగకండి. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) ఉంది, అనుమతి తీసుకోకుండా చెట్టు కొట్టకూడదు. అసలు ఆ నీడ కోసమే కదా ఎక్కువ అద్దె కడుతున్నారు.

అపోహ: ఖరీదైన పేటల్లో వానకు భయం లేదు.

2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలోనే, సున్నపుబట్టీల సెంటర్ దగ్గర, కొండరాళ్ళు ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. మర్నాడు బుడమేరు వాగు సింగ్ నగర్‌ను ముంచింది, ఆ మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరు నీళ్ళు మొగల్రాజపురం దాకా రాలేదు కాబట్టి ఇక్కడ ఏ బాధా లేదనుకునేవాళ్ళు, అంతకు ముందురోజు ఇక్కడేం జరిగిందో మర్చిపోతున్నారు. కొండవార ఇల్లు చూస్తున్నట్టయితే ఇంటి వెనక్కి వెళ్ళి చూడండి. కొండను నిలువుగా తొలిచారా, రక్షణ గోడ ఉందా, ఆ గోడలో నీళ్ళు బయటికి రావడానికి కన్నాలు వదిలారా అన్నది ముఖ్యం. కన్నాల్లేని గోడ వెనక నీళ్ళు చేరితే ఆ బరువంతా గోడ మీదే పడుతుంది.

కొండకు దూరంగా, బెంజి సర్కిల్, బందరు రోడ్డు చుట్టుపక్కల సమస్య వేరు. గట్టి వాన పడితే రోడ్డు మీద నీళ్ళు నిలుస్తాయి, గ్రూప్ హౌస్ అయితే అవి సెల్లారులోకి దిగుతాయి. సెల్లారు స్తంభాల మీద నీటి గీత ఉందేమో చూడండి. కరెంటు మీటర్ల బోర్డు నేలకు ఎంత ఎత్తున పెట్టారో చూడండి. వీధి చివర ఇస్త్రీ బండి ఉంటే అతన్ని అడగండి, వానకు మోకాళ్ళ దాకా వచ్చిందో పాదాల దాకా వచ్చిందో అతనికి తెలిసినంతగా నాకు కూడా తెలియదు.

అపోహ: మీటరు ఒకటే అయినా సబ్ మీటరు ఉంది కదా, ఎవరి కరెంటుకు వాళ్ళు కడతారు.

పాత ఇండిపెండెంట్ ఇళ్ళను రెండు మూడు పోర్షన్లు చేసి ఇస్తారు. డిపార్ట్‌మెంటు మీటరు ఒక్కటే ఉంటుంది, లోపల యజమాని సొంతంగా పెట్టిన సబ్ మీటర్లు ఉంటాయి. ఇక్కడ చాలామంది నష్టపోతున్నారు కాబట్టి లెక్కతో చెబుతాను. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది. ఒక కుటుంబం నెలకు 200 యూనిట్లు వాడితే వాడకం చార్జీ 867 రూపాయలు. రెండు కుటుంబాలకు వేరువేరు మీటర్లుంటే మొత్తం 1,734. అదే 400 యూనిట్లు ఒక్క మీటరు మీద తిరిగితే 2,548. ఎవరూ ఒక్క ఫ్యాను కూడా ఎక్కువ వేయకుండానే రెండు కుటుంబాలకూ కలిపి నెలకు 800 పైచిలుకు అదనం, ఏసీలు వేసే వేసవిలో అది ఇంకా పెరుగుతుంది. అద్దె వెయ్యి తగ్గించారని అలాంటి పోర్షన్‌లోకి వెళ్తే ఆ వెయ్యిలో కొంత కరెంటుకే పోతుంది.

వేరే మీటరున్నా, ఆ సర్వీసు నంబరు తీసుకుని పాత బిల్లులు చూడండి. ట్రూ అప్ చార్జీలు, ఇంధన సర్దుబాటు చార్జీలంటూ బిల్లులో వచ్చేవి, గడిచిన కాలంలో కరెంటు కంపెనీకి అయిన అదనపు ఖర్చును తర్వాత రాబట్టుకునేవి. 2014 నుంచి 2019 దాకా కాలానికి ట్రూ అప్ వసూలు 2022లో మొదలుపెట్టారు. మీకన్నా ముందున్నవాళ్ళు రెండు ఏసీలు రాత్రంతా వేసుకుని ఉంటే, ఆ సర్దుబాటు మీరు దిగిన తర్వాత మీ బిల్లులో కనబడొచ్చు. అలాంటివి యజమాని భరించాలని ఒక్క వాక్యం అగ్రిమెంటులో రాయించుకోండి. బిల్లుతోపాటు అదనపు డిపాజిట్ కట్టమని నోటీసు వస్తే అది కూడా యజమానిదే అని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆ డబ్బు సర్వీసు పేరు మీదే ఉండిపోతుంది.

అపోహ: పన్నెండేళ్ళు అద్దెకుంటే ఇల్లు వాళ్ళదైపోతుంది.

ఈ ఒక్క భయం వల్ల మంచి కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేయాల్సి రావడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. లబ్బీపేటలో ఒక పెద్దావిడ పిలిపించి, "వాళ్ళు బంగారంలాంటి మనుషులు బాబూ, పండక్కి నాకు పిండివంటలు పంపకుండా ఉండరు. కానీ పదేళ్ళు దాటింది. పన్నెండు నిండితే ఇల్లు రాసిచ్చినట్టేనట కదా, మా అబ్బాయి అమెరికా నుంచి ఒకటే పోరు" అన్నారు. "కాదండీ అమ్మగారూ, వాళ్ళు నెలనెలా మీకు అద్దె వేస్తున్నారంటే ఇల్లు మీదేనని నెలనెలా ఒప్పుకుంటున్నట్టే" అని కూర్చుని వివరించాను.

పన్నెండేళ్ళన్న మాట 1963 నాటి లిమిటేషన్ చట్టం నుంచి వచ్చింది. యజమాని హక్కును కాదని, ఇది నాదేనంటూ బాహాటంగా ఆక్రమించుకున్నవాళ్ళ సంగతి అది. అద్దెకున్నవాళ్ళు యజమాని అనుమతితో ఉంటున్నవాళ్ళు. ఎన్నేళ్ళున్నా ఆ అనుమతి ఆక్రమణ కాదు. యజమాని ఇల్లిస్తే దిగినవాళ్ళు, అద్దెకుంటూనే ఆ ఇల్లు ఆయనది కాదని వాదించడానికి కూడా సాక్ష్య చట్టం ఒప్పుకోదు. యజమాని జాగ్రత్త పడాల్సిన చోటు ఇంకొకటి ఉంది. అద్దె ఒప్పందం రద్దయ్యాక కూడా మనిషి కదలకపోతే, స్వాధీనం కోసం కోర్టుకు వెళ్ళడానికి ఆ రోజు నుంచి పన్నెండేళ్ళ గడువు మొదలవుతుంది. అంతకాలం ఊరుకోకూడదు. అద్దె చేతికి తీసుకోకుండా బ్యాంకులో వేయించుకోండి, అగ్రిమెంటు ఎప్పటికప్పుడు తిరగరాయించండి. ఇంతమాత్రానికి పిల్లల్ని బడి మధ్యలో ఇల్లు మార్పించడం అన్యాయం.

అపోహ: పదకొండు నెలల అగ్రిమెంటు ఉత్త కాగితం.

ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది, మన రాష్ట్రంలో మాత్రం 1999 సవరణతో ఆ నియమం అన్ని లీజులకూ వర్తిస్తుంది. ఏడాది దాటకపోతే ఆ ఖర్చు, తిరుగుడు తప్పుతాయన్న లెక్కతోనే పదకొండు నెలలు పెడతారు. రిజిస్టర్ కాకపోయినా అది ఉత్త కాగితం మాత్రం కాదు. మన రాష్ట్రం 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017లో కొత్తది తెచ్చింది, రాతపూర్వక ఒప్పందం ఉండాలని అదీ చెబుతుంది. గడువు దాటాక యజమాని అద్దె తీసుకుంటూ ఉంటే సాధారణంగా అది నెలవారీ అద్దె అవుతుంది. ఖాళీ చేయమనాలన్నా, చేస్తామనాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలో రాసుకోకపోతే ఆస్తి బదిలీ చట్టం లెక్కన 15 రోజుల నోటీసు సరిపోతుంది. 15 రోజుల్లో సామాన్లతో ఎక్కడికి వెళ్తారు? రెండు నెలలని రాయించుకోండి. కాగితంలో ఏమున్నా సరే, మాట తేడా వచ్చిందని యజమాని కరెంటు పీకేయడానికి, తాళం వేయడానికి వీల్లేదు.

సంతకం ఎవరు పెడుతున్నారో కూడా చూడాలి. ఈ పేటల్లో చాలా ఇళ్ళ యజమానులు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, బావమరిదో తమ్ముడో వచ్చి తాళం తీస్తారు. వాళ్ళ దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. ఇంటి పన్ను రసీదు మీద పేరు, అగ్రిమెంటు మీద పేరు కలవాలి. యజమాని ఎన్నారై అయితే, అద్దె ఎంతైనా సరే, టీడీఎస్ (అద్దెలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) 30 శాతం, పైన సెస్సు కోసి కట్టాల్సిన బాధ్యత అద్దె కట్టేవాళ్ళదే. ఇక్కడున్న యజమానికైతే అద్దె నెలకు 50,000 దాటినప్పుడు 2 శాతం. ఈ సంగతి ముందే ఆడిటర్‌తో మాట్లాడి, చేతికి ఎంత వస్తుందో యజమానికి చెప్పాక దిగండి. హెచ్ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) చూపించుకునే ఉద్యోగులైతే ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు కావాలి, అదీ మొదటే అడగండి.

అపోహ: ఆషాఢంలో ఇల్లు వెతకడం దండగ.

వెతకడానికి అదే మంచి కాలం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇంటర్‌లో చేర్చే పిల్లల తల్లిదండ్రులు ఊళ్ళ నుంచి వచ్చి ఇళ్ళన్నీ పట్టేస్తారు, యజమాని చెప్పిందే అద్దె. ఆషాఢంలోనో మూఢంలోనో అడిగేవాళ్ళుండరు, టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. అప్పుడు చూసి, బేరమాడి, అడ్వాన్సు ఇచ్చి, శ్రావణంలో పాలు పొంగించుకోవచ్చు.

అపోహ: ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగులకు పోవాల్సిందే.

ఇది అలవాటు మాత్రమే. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అద్దెకున్నవాళ్ళు ఇంటిని తీసుకున్న స్థితిలో అప్పగించాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మాత్రం వాళ్ళ తప్పు కింద రాదు. రెండేళ్ళకు గోడ వెలిసిపోవడం అరుగుదల. పిల్లలు క్రేయాన్లతో గీసినవి, టీవీ కోసం కొట్టిన మేకుల కన్నాలు మీవి. అగ్రిమెంటులో మాత్రం "రంగులకు ఒక నెల అద్దె మినహాయింపు" అని రాసి సంతకం పెట్టి ఉంటే తర్వాత వాదించి లాభం లేదు. అందుకే సంతకానికి ముందు ఆ వాక్యం కోసం వెతకండి. ఉంటే, ఇల్లు తాజాగా రంగులు వేసి ఇచ్చినప్పుడే అది వర్తిస్తుందని పక్కన రాయించండి. తాళం తీసుకున్న రోజున సామాను దించకముందే ప్రతి గదినీ వీడియో తీసి, అదే రోజు యజమానికి వాట్సాప్‌లో పంపండి. కుళాయిలు తిప్పి చూపించండి, కిటికీ అద్దాలు, బాత్రూం టైల్సు, కరెంటు మీటరు రీడింగు అన్నీ అందులో కనబడాలి.