పింగ్ వచ్చినంత మాత్రాన పీఎల్‌సీతో మాట కలిసినట్టు కాదు: పారిశ్రామిక ఈథర్‌నెట్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: రెండు పరికరాలకూ ఈథర్‌నెట్ పోర్టు ఉంటే చాలు, అవి మాట్లాడుకుంటాయి.

వాస్తవం: ఈథర్‌నెట్ దారి మాత్రమే, ఆ దారిలో నడిచే భాష ప్రోటోకాల్. మోడ్‌బస్ టీసీపీ, ప్రొఫినెట్, ఈథర్‌నెట్/ఐపీ, ఈథర్‌క్యాట్ ఒకే రకం కేబుల్ మీద నడిచినా, ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు. కొనుగోలు ఆర్డరులో ప్రోటోకాల్ పేరు రాయకపోతే కమిషనింగ్ రోజున (యంత్రాన్ని తొలిసారి నడిపే రోజున) గేట్‌వే (ఒక ప్రోటోకాల్‌ను మరొకదానిలోకి మార్చే పరికరం) కోసం పరుగెత్తవలసి వస్తుంది. అన్నట్టు, ఈథర్‌నెట్/ఐపీలోని ఐపీకి అర్థం ఇంటర్నెట్ ప్రోటోకాల్ కాదు, ఇండస్ట్రియల్ ప్రోటోకాల్.

అపోహ: పింగ్‌కు (పరికరం నెట్‌వర్క్‌లో ఉందా అని అడిగే చిన్న పరీక్షా సందేశానికి) జవాబు వస్తోందంటే కమ్యూనికేషన్ బాగున్నట్టే.

వాస్తవం: ఒక రాత్రి షిఫ్టులో కాలిపోయిన డ్రైవ్ (మోటారును నియంత్రించే పరికరం) స్థానంలో కొత్తది బిగించి, పాత ఐపీ చిరునామానే ఇచ్చాం. ల్యాప్‌టాప్ నుంచి పింగ్ చేస్తే వెంటనే జవాబు వచ్చింది. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంట్రోలర్) మీద ఎర్ర దీపం మాత్రం ఆరలేదు. ప్రొఫినెట్‌లో కంట్రోలర్ పరికరాన్ని గుర్తుపట్టేది దాని పేరుతో. ఆ పేరు కొత్త డ్రైవ్‌కు ఇవ్వడం మరిచిపోయాం. పైగా ప్రొఫినెట్ ఆర్‌టీలో (రియల్ టైమ్ పద్ధతిలో) క్షణక్షణం తిరిగే ఇన్‌పుట్-అవుట్‌పుట్ డేటా ఐపీ మీద కాకుండా, హెక్స్ (పదహారు అంకెల సంఖ్యా పద్ధతి) 8892 అనే ఈథర్‌టైప్‌తో (లోపల ఏ రకం డేటా ఉందో చెప్పే సంఖ్యతో) నేరుగా ఈథర్‌నెట్ ఫ్రేముల్లో (డేటా పొట్లాల్లో) ప్రయాణిస్తుంది కనుక, పింగ్ ఆ దారిని పరీక్షించనే లేదు.

అపోహ: గిగాబిట్ స్విచ్ వేస్తే లైన్ ఆగిపోవడం తగ్గుతుంది.

వాస్తవం: ఒక్కో పరికరం పంపేది చాలాసార్లు పదుల బైట్లే, కావలసింది వేగం కన్నా సమయపాలన. 2 మిల్లీసెకన్లకొకసారి రావలసిన డేటా వరుసగా 3 సార్లు రాకపోతే, అంటే దాదాపు 6 మిల్లీసెకన్లలో, వాచ్‌డాగ్ (గడువును కాపలా కాసే టైమర్) కనెక్షన్‌ను తెంచేస్తుంది. అందుకే డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే పవర్ కేబుల్ పక్కనే పరిచి, దాని విద్యుత్ అలజడికి గురయ్యే నెట్‌వర్క్ కేబుల్‌ను, వదులైన కనెక్టర్‌ను ముందు చూడాలి.

అపోహ: తెరపై విలువ తప్పుగా కనిపిస్తే కేబుల్‌లో లోపం ఉన్నట్టు.

వాస్తవం: దీని మీద వృథా అయ్యే గంటలు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ప్రతి ఈథర్‌నెట్ ఫ్రేము చివర 32 బిట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. దారిలో చెడిన ఫ్రేమును అందుకున్న పరికరం పారేస్తుంది. కాబట్టి పాడైన కేబుల్ వల్ల డేటా రాకుండా పోతుందే తప్ప, మరో విలువగా మారి రావడం చాలా అరుదు. తప్పు విలువకు కారణం చదివే తీరులో వెతకాలి. మోడ్‌బస్ రిజిస్టరు (విలువ ఉంచే గడి) 16 బిట్లది; 32 బిట్ల ఫ్లోట్ (దశాంశ) విలువకు రెండు రిజిస్టర్లు కావాలి. ఫ్లో మీటరులో 50.0 అన్న విలువ హెక్స్‌లో 4248, 0000 అనే రెండు ముక్కలుగా వస్తుంది. వాటి వరుస తారుమారు చేసి చదివితే మీటరు మీద 50 ఉండగా తెరపై సున్నా కనబడుతుంది. ఏ ముక్క ముందు రావాలో మోడ్‌బస్ ప్రమాణం నిర్దేశించలేదు, తయారీదారులు తలా ఒక పద్ధతి పాటించారు. రిజిస్టర్ల లెక్కను కొందరు 0 నుంచి, కొందరు 1 నుంచి మొదలుపెడతారు కనుక పక్క రిజిస్టరు చదివే ప్రమాదం కూడా ఉంది. కేబుల్ మార్చే ముందు మీటరు మాన్యువల్‌లో రిజిస్టర్ల పట్టిక తెరిచి, విలువ తెలిసిన ఒక రిజిస్టరును చదివి ముక్కల వరుసనూ, లెక్క ఎక్కడ మొదలవుతుందో కూడా సరిచూసుకోండి.