సైకిలు బ్రేకు గొట్టం విప్పే ముందు చదవండి

పిల్లలూ,

ముందు మీ సైకిలుకు ఉన్నది ఏ రకం డిస్క్ బ్రేకో చూసుకోండి. చక్రం దగ్గర ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ మీద ఉక్కు తీగ బయటికి కనబడి, ఒక చిన్న మీటను లాగుతుంటే అది కేబుల్ బ్రేకు. మన దగ్గర తక్కువ ధర సైకిళ్లలో ఎక్కువగా ఉండేది అదే. తీగ ఎక్కడా కనబడకుండా నల్లటి గొట్టం నేరుగా క్యాలిపర్‌లోకి దిగిపోతే అది హైడ్రాలిక్, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది. ఈ ఉత్తరం హైడ్రాలిక్ గురించే.

లీవరు నొక్కినప్పుడు చిన్న పిస్టన్ ఆయిల్‌ను నెడుతుంది, ఆ ఒత్తిడి క్యాలిపర్‌లోని పెద్ద పిస్టన్లను కదిపి ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. బళ్లో చదివే పాస్కల్ నియమమే ఇది. ఆయిల్ దాదాపు కుంచించుకోదు, గాలి మాత్రం కుంచించుకుంటుంది. అందుకే గొట్టంలో గాలి బుడగలు చేరితే లీవరు మెత్తబడుతుంది, గాలి ఎక్కువైతే హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది.

గొట్టం బయటి వ్యాసం సుమారు 5 మిల్లీమీటర్లు. లోపల నున్నటి ప్లాస్టిక్ పొర, దాని చుట్టూ గట్టి దారాల అల్లిక, పైన తొడుగు ఉంటాయి. ఒత్తిడికి గొట్టం ఉబ్బకుండా పట్టి ఉంచేది ఆ అల్లికే. ఫ్రేముకు రాసుకుని తొడుగు అరిగి దారాలు బయటపడితే టేపు చుట్టి సరిపెట్టకండి, గొట్టం మార్చాల్సిందే. నెలకోసారి రెండు చివర్లూ తెల్లటి టిష్యూతో తుడిచి చూడండి. తడి అంటితే అక్కడ కారుతున్నట్టే.

విప్పాల్సిన అవసరం రెండు మూడు సందర్భాల్లోనే వస్తుంది: గొట్టం మరీ పొడుగై వేలాడుతుంటే, దెబ్బతింటే, లేదా ముందు బ్రేకును ఎడమ చేతి నుంచి కుడి చేతికి మార్చుకోవాలంటే. మోటారు సైకిళ్లలో ముందు బ్రేకు కుడి చేతికే ఉంటుంది కదా, ఆ అలవాటున్న ఇళ్లలో ఈ మార్పు అడుగుతారు. పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

పని మొదలుపెట్టే ముందు లీవరు మీద ఆయిల్ గురించి ఏం రాసుందో చదవండి. షిమానో, మగూరా కంపెనీల బ్రేకులకు మినరల్ ఆయిల్. స్రామ్ కంపెనీ బ్రేకుల్లో చాలావాటికి డాట్ ఫ్లూయిడ్, కొత్త వాటిలో కొన్నింటికి మాత్రం మినరల్. ఒకదానిలో మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు పాడైపోతుంది. మెకానిక్ దుకాణంలో బైకుల కోసం ఉంచిన డాట్ ఆయిల్‌ను మినరల్ బ్రేకులో పోయనివ్వకండి, ఎంత తొందరలో ఉన్నా సరే. డాట్ ఫ్లూయిడ్ పెయింటునూ తినేస్తుంది, గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది.

ఇక షిమానో తరహా బ్రేకులో గొట్టం పొట్టి చేయడం చెబుతాను. చక్రమూ ప్యాడ్లూ తీసి పిస్టన్ల మధ్య పసుపు రంగు బ్లీడ్ బ్లాకు (పిస్టన్లు బయటికి రాకుండా ఆపే ముక్క) పెట్టండి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎటూ లాగకుండా సరిపోయే పొడవు గుర్తు పెట్టండి. ఎక్కువ కోస్తే మళ్లీ అతకదు. లీవరు దగ్గర రబ్బరు తొడుగు వెనక్కి జరిపి 8 మి.మీ. స్పానర్‌తో నట్టు విప్పండి. కటింగ్ ప్లేయర్‌తో కోస్తే గొట్టం నలిగి మూతి కోలగా అవుతుంది. గొట్టాల కట్టర్‌తో గొట్టానికి సరిగ్గా అడ్డంగా, ఒకే కోతలో కోయాలి.

అసలు జాగ్రత్తంతా ఇక్కడే. కోసిన గొట్టం మీదికి ముందు రబ్బరు తొడుగు, తర్వాత మరలు లీవరు వైపు ఉండేలా నట్టు, ఆ తర్వాత ఆలివ్ అనే ఇత్తడి ఉంగరం ఎక్కించాలి. వరస తప్పితే అంతా మళ్లీ విప్పాల్సిందే. గొట్టాన్ని అది నలగకుండా పట్టే గాడి దిమ్మల మధ్య బిగించి ఇన్సర్ట్ అనే సన్నటి లోహపు గొట్టాన్ని లోపలికి పెట్టి, దాని అంచు గొట్టం మూతికి ఆనేదాకా సుత్తితో మెల్లగా కొట్టండి. నట్టు బిగిసినప్పుడు ఆలివ్ నలిగి గొట్టాన్ని పట్టుకుంటుంది, లోపల ఇన్సర్ట్ గొట్టం నొక్కుకుపోకుండా ఆపుతుంది. ఒకసారి నలిగిన ఆలివ్ రెండోసారి అదే పట్టు ఇవ్వదు. అందుకే ప్రతిసారీ ఆలివ్, ఇన్సర్ట్ రెండూ కొత్తవే వాడాలి. గొట్టం రకాన్ని బట్టి లోపలి రంధ్రం మారుతుంది, కాబట్టి దానికి చెప్పిన ఇన్సర్టే కొనండి. గొట్టాన్ని లీవరులోకి చివరిదాకా నెట్టి, అలా నెడుతూనే నట్టు బిగించండి. చెయ్యి వదిలితే గొట్టం కొంచెం వెనక్కి జారుతుంది. అప్పటికి బాగానే కనబడినా గట్టిగా బ్రేకు వేసిన రోజు ఊడిపోవచ్చు. నట్టు బిగించే బలం, అంటే టార్క్, 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు. వేరే కంపెనీ బ్రేకైతే దాని పుస్తకంలోని లెక్కే చూడాలి.

తర్వాత గాలి తీయాలి. లీవరు నేలకు సమాంతరంగా పెట్టి, పైన స్క్రూ తీసి గరాటు బిగించండి. కింద క్యాలిపర్ నిపుల్‌కు (ఆయిల్ ఎక్కించే చిన్న మూతికి) ఆయిల్ నింపిన సిరంజి తగిలించి, 7 మి.మీ. స్పానర్‌తో నిపుల్‌ను ఎనిమిదో వంతు చుట్టు తెరిచి మెల్లగా నెట్టండి. గాలి సహజంగా పైకే పోతుంది కాబట్టి కింది నుంచి నెట్టడమే మేలు. గరాటులో బుడగలు ఆగేదాకా నెడుతూ, మధ్యలో గొట్టాన్ని వేలితో తట్టండి. నిపుల్‌ను 4 నుంచి 6 న్యూటన్ మీటర్లకు బిగించాక లీవరు నెమ్మదిగా నొక్కుతూ వదులుతూ, హ్యాండిల్ కొంచెం పైకీ కిందికీ వంచి చూడండి. మూలల్లో దాగిన బుడగలు అప్పుడు వస్తాయి. గరాటు తీసేటప్పుడు ఆయిల్ అంచుదాకా ఉండాలి.

అంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరాకే ప్యాడ్లు ఎక్కించండి. ప్యాడ్ల మీద ఆయిల్ పడితే కడిగి వాడే ప్రయత్నం చేయకండి, కొత్తవి వేయండి. చక్రం తీసి ఉన్నప్పుడు ప్యాడ్ల మధ్య అడ్డు లేకుండా లీవరు నొక్కకండి, పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్ల మధ్యకు డిస్కు దూరదు. పొరపాటున నొక్కితే ప్లాస్టిక్ టైర్ లీవరుతో మెల్లగా వెనక్కి నెట్టవచ్చు. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకుండా సీసాలో పోసి వాహనాల గ్యారేజీకి ఇవ్వండి.

చివరగా చక్రం పెట్టి లీవరును బలంగా పది సెకన్లు పట్టుకోండి. మెల్లగా లోపలికి జారుతుంటే ఎక్కడో కారుతోంది. వదిలి నొక్కినకొద్దీ గట్టిపడుతుంటే ఇంకా గాలి ఉంది. రెండూ లేకపోతే నట్టు చుట్టూ టిష్యూ చుట్టి ఒక రాత్రి ఉంచండి. పొద్దున అది పొడిగా ఉంటేనే, ముందు మన వీధిలో నెమ్మదిగా తొక్కి చూడండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న